పోలిక కోసం పిలిచారు

మరదలు వర్క్‌షాపులోకి వచ్చేసరికి మేస్త్రి ఒక పాత లిఫ్టు మోటారును విప్పి, బ్రేకు పలకలకు పట్టిన గ్రీజును గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమె కుట్టుమిషను ముందునుంచి ఉన్నపళంగా లేచి వచ్చినట్టుంది, కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. ఏడాదిగా తమ్ముడి ఇంటితో ఈ ఇంటికి మాటల్లేవు. మేస్త్రి తల ఎత్తి చూసి మళ్ళీ పనిలోకి దించేసుకున్నాడు.

"బావగారూ, ఒక్క మాట చెప్పి పోతాను."

"పని మధ్యలో ఉన్నానమ్మా."

"మీరు పని మధ్యలో లేనిదెప్పుడు? చెయ్యండి. నేను నిలబడే చెప్తాను."

చెప్పింది. ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. మత్తు పదార్థాలు వాడినవాళ్ళ మెదళ్ళకు ఏమవుతుందో, ఏ మందులతో బాగవుతుందో చూస్తోంది. తమ్ముణ్ణి పరీక్ష చేసి, కవల అన్న ఉన్నాడని తెలిసేసరికి ఆవిడ కుర్చీలోంచి లేచినంత పని చేసిందట. ఒకే రూపం, ఒకే రక్తం, ఒకే పని, అందులో ఒకరు వాడి ఇంకొకరు వాడని కవలలు దొరకడం చాలా అరుదట.

"పోలిక కోసం మీరు కావాలట. ఒక్కరోజు వస్తే చాలట."

"వాడితో నాకు పోలికా?" మేస్త్రి గుడ్డను బల్లమీద పడేశాడు. "అది తెగిపోయి ఏడాదైంది." ఆ మాట అంటున్నప్పుడు ఎడమచేతిని వెనక్కి పెట్టుకున్నాడు. ఆ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి.

మరదలు ఆ చేతివైపు చూడలేదు. "నేనడుగుతున్నది ఆయనకోసం కాదు. పాప ఉంది. నాన్న నాతో ఎందుకు మాట్లాడడు అని రోజూ అడుగుతుంది. దానికి చెప్పడానికి నాకో జవాబు కావాలి. ఆ జవాబు మీ తలకాయలో ఉందంటున్నారు డాక్టర్లు. ఇస్తారా, ఇవ్వరా?"

ఎప్పుడు రావాలో మాత్రం మేస్త్రి అడిగాడు.

వాళ్ళిద్దరూ పావుగంట తేడాతో పుట్టారు. ఆ పావుగంట పెద్దరికాన్ని మేస్త్రి ఏనాడూ వదులుకోలేదు. తమ్ముడు "ఒరేయ్" అంటే పలికేవాడు కాదు. "ఒరేయ్ అన్నయ్యా" అంటే మాత్రం పలికేవాడు. బళ్ళో ఒకడు చేసిన అల్లరికి ఇంకొకడు దెబ్బలు తిన్నాడు. పెద్దయ్యాక ఇద్దరూ ఒకే గురువు దగ్గర లిఫ్టుల పని నేర్చుకున్నారు. లిఫ్టు పెట్టె తిరిగే నిలువు గోతిని వాళ్ళు షాఫ్టు అంటారు. అందులో నిచ్చెన మెట్ల మీద తమ్ముడు ఎగురుతున్నట్టే తిరిగేవాడు, పైగా ఈల. అందుకని పిట్ట అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. అన్నకు తొందరగా మేస్త్రి పని దక్కింది, పేరూ అదే అయింది.

ఊళ్ళోకెల్లా ఎత్తైన భవనంలో లిఫ్టులు బిగించే పని వచ్చినప్పుడు మొదలైంది అంతా. గడువు దగ్గరపడి, పగలూ రాత్రీ ఒకటైపోయాయి. క్రేను నడిపేవాడొకడు పిట్టకు ఉప్పుకల్లులా మెరిసే పలుకులు ఇచ్చాడు. డాక్టర్లు దాన్ని మెథాంఫెటమిన్ అంటారు, బజారులో ఐసు అని ముద్దుపేరు. మొదటి వారం పిట్ట ముగ్గురి పని ఒక్కడే చేశాడు. ఆకలి లేదు, నిద్ర లేదు, అలుపు లేదు. విషయం తెలియని మేస్త్రి మిగతావాళ్ళను పిలిచి, "చూడండ్రా, పనంటే అదీ" అని చూపించాడు కూడా.

తర్వాత్తర్వాత తెలిసింది. పళ్ళు నూరుకోవడం, ఒళ్ళు సగమైపోవడం, గోడల్లో ఎవరో మాట్లాడుకుంటున్నారనడం. బాగానే తిరుగుతున్న ఒక మోటారును ఏదో లోపముందంటూ మరమేకు వదలకుండా విప్పేసి, మళ్ళీ బిగించలేక దాని మధ్యలో కూర్చుని ఏడ్చాడు. మానేశాడు. మళ్ళీ జారాడు. ఇంకోసారి మానేశాడు. మూడు వారాలు గట్టిగా నిలబడ్డాడని చూసి, మేస్త్రి మళ్ళీ తనతో పనిలోకి తీసుకెళ్ళాడు.

ఆరోజు వాళ్ళు ఒక పాత ఆఫీసు భవనంలో లిఫ్టు పట్టాలు సరిచేస్తున్నారు. మేస్త్రి లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడ్డాడు. పిట్ట మేడమీద మోటారు గదిలో ఉన్నాడు. మామూలుగా అయితే పెట్టె మీదున్నవాడి చేతిలోనే బటన్లుంటాయి, తనను తానే కదుపుకుంటాడు. ఆ బటన్లు పాడయ్యాయి. అందుకని అన్న గొంతెత్తి చెప్పడం, తమ్ముడు పైనుంచి కదపడం. పొద్దుటినుంచీ ఒకటే మాట, "పైకి". ఒక్కో అంతస్తూ పట్టాలు చూసుకోవడం, మళ్ళీ "పైకి". చివరి అంతస్తు దగ్గర మేస్త్రి గోడకున్న ఇనప బిగింపు మీద ఎడమచెయ్యి ఆనించి, "అయిపోయింది. ఇంక కిందికి. మెల్లగా కిందికి" అన్నాడు.

"సరే, కిందికి" అని పైనుంచి జవాబు వచ్చింది.

పెట్టె పైకి కదిలింది.

రెండు వేళ్ళు పోయి పడుకున్న ఆస్పత్రి మంచం పక్కన నిలబడి పిట్ట చెప్పిన మాటలు మేస్త్రికి ఇప్పటికీ చెవిలోనే ఉన్నాయి. "ఒరేయ్ అన్నయ్యా, నేను ఆరోజు ఏమీ తీసుకోలేదురా. నమ్ము."

"అబద్ధం చెప్పడానికైనా సిగ్గుండాలి" అన్నాడు మేస్త్రి. అదే ఆఖరి మాట. ఆ వారంలోనే పిట్ట మళ్ళీ ఐసు ముట్టాడు.

*

ఆస్పత్రిలో వాళ్ళకు కేటాయించిన గది చిన్నది. రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, గోడకు ఒక గడియారం. ఒక కుర్చీ రోగిది, ఇంకొకటి పోలికకు వచ్చినవాడిది. నర్సు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమీ తేల్చుకోలేక, చేతులవైపు చూసింది. మూడు వేళ్ళు కనబడగానే మేస్త్రి భుజం మీద చెయ్యేసి, "మీరు ఇలా రండి, భయపడకండి" అంటూ రోగి కుర్చీలో కూర్చోబెట్టింది.

"నేను బాగున్నవాణ్ణమ్మా" అన్నాడు మేస్త్రి.

"మొదట్లో అందరూ అలాగే అంటారు" అంది నర్సు.

పక్కనున్న మరదలు నవ్వు ఆపుకోలేకపోయింది. నర్సు నాలుక కరచుకొని కుర్చీలు మార్పించింది. పిట్ట మాత్రం నవ్వలేదు. ఒకప్పుడైతే దీన్ని పట్టుకొని వారం రోజులు అన్నను ఏడిపించేవాడు. ఇప్పుడు తనకు సంబంధం లేని సంగతేదో ఎక్కడో జరుగుతున్నట్టు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. మేస్త్రి ఓరకంట గమనించాడు. బలుపెక్కి మొహం చాటేస్తున్నాడని ఏడాదిగా అనుకుంటున్నాడు గాని, దగ్గరనుంచి చూస్తే అది బలుపులా లేదు. దీపాలన్నీ ఆర్పేసిన ఇంట్లో ఎవరో ఒక్కరే కూర్చున్నట్టుంది.

డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, చకచకా నడుస్తుంది, మాట మాత్రం నిదానం. ముందు మేస్త్రికి పరీక్షలు పెట్టింది. పదిహేను మాటలు చదివి మళ్ళీ చెప్పమంది. వేలితో బల్లమీద ఎంత వేగంగా కొట్టగలడో చూసింది. ఆ తర్వాత కంప్యూటరులో కార్డుల ఆట. తెరమీద కొన్ని కార్డులుంటాయి. ఒకదాన్ని ఇంకోదానితో జత కలపాలి. రంగును బట్టి కలపాలా, ఆకారాన్ని బట్టి కలపాలా అన్నది చెప్పరు. తప్పయితే బుయ్యిమని మోత వస్తుంది. ఆ మోతను బట్టి మనమే పోల్చుకోవాలి. తీరా పట్టు దొరికిందనుకునే వేళకు, చెప్పాపెట్టకుండా సూత్రం మారిపోతుంది. మేస్త్రి రెండుమూడు మోతలు తిని, విసుక్కొని, దారిలో పడ్డాడు.

పిట్ట వంతు వచ్చింది. అన్న బయటికి పోబోతే, "ఉండనివ్వండి" అన్నాడు డాక్టరమ్మతో. అంతసేపటికి వాడు నోరు తెరిచి అన్నది అదొక్కటే.

మొదట బాగానే ఆడాడు. రంగును బట్టి చకచకా కలిపేశాడు. సూత్రం మారింది. మోత వచ్చింది. మళ్ళీ రంగే కలిపాడు, మళ్ళీ మోత. ఆగి, కళ్ళు చిట్లించి, "రంగు కాదిప్పుడు. ఆకారం" అని తనలో తాను అనుకున్నాడు. అందరికీ వినబడింది. వేలు వెళ్ళి రంగు మీద పడింది.

బుయ్యిమంది.

"ఆకారం, ఆకారం" అన్నాడు పిట్ట. వేలు మళ్ళీ రంగు మీదే. నుదుటిమీద చెమట పట్టింది. "తప్పని తెలుస్తూనే ఉంది డాక్టరమ్మా. చెయ్యి వినట్లేదు."

మేస్త్రికి ఆ గది గోడలు, ఆ కంప్యూటరు ఏవీ కనబడలేదు. చీకటి షాఫ్టు, పైనుంచి వచ్చిన గొంతు. సరే, కిందికి. నోటితో సరిగ్గానే చెప్పాడు వాడు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. చెయ్యి మాత్రం పొద్దుటినుంచీ అలవాటైన బటనునే నొక్కింది. తెరమీద మోత ఇంకా వస్తూనే ఉంది. మేస్త్రి ఇక వినలేక లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ పని ముగించుకొని బయటికి వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. వస్తూనే అడిగాడు. "ఆ పాడు పదార్థం ఒంట్లో లేకపోయినా ఇలా జరుగుతుందా?"

"జరుగుతుంది."

"మానేసి మూడు వారాలైనా?"

"మూడు వారాలు చాలా తక్కువ." ఆవిడ పక్కన బెంచీమీద కూర్చుంది. "ఒంట్లోంచి పోవడానికి కొన్ని రోజులు చాలు. అది చేసిపోయిన నష్టం అంత తొందరగా పోదు. మెదడులో డోపమిన్ అని ఒకటుంటుంది. ఆకలేసినప్పుడు అన్నం కావాలనిపించడం, పిల్ల నవ్వితే మళ్ళీ నవ్వించాలనిపించడం, ఒక పని విడిచి ఇంకో పనికి మళ్ళడం, వీటన్నిటిలో దాని చెయ్యి ఉంటుంది. మామూలుగా అది చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఐసు దాన్ని వరదలా వదులుతుంది. ఆ వరదకు నరాల కొసలు దెబ్బతింటాయి. దానికి తోడు మెదడును కాపలా కాసే కణాలు రెచ్చిపోయి వాపు తెస్తాయి. కాపలావాళ్ళే ఇంట్లో సామాను పగలగొడితే ఎలా ఉంటుంది? అలాగ."

"మావాడు ఆరోజు..." మేస్త్రి చెయ్యి చూపించి ఆగిపోయాడు. తర్వాత మొత్తం చెప్పాడు. ఏడాదిగా ఎవరికీ అంత వివరంగా చెప్పింది లేదు.

డాక్టరమ్మ అంతా వింది. "నేనక్కడ లేను. మీ తమ్ముడు ఆరోజు తీసుకున్నాడో లేదో ఏ పరీక్షా ఇప్పుడు చెప్పలేదు. కానీ మీరడిగారు కాబట్టి చెప్తున్నాను. మానేసిన మూడోవారంలో ఉన్న మనిషి, పొద్దుటినుంచీ ఒకే పని చేసి, ఉన్నట్టుండి దాన్ని తిరగెయ్యాల్సి వచ్చినప్పుడు తడబడ్డాడంటే నాకేమీ వింతగా లేదు."

ఆ మధ్యాహ్నం ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని పెద్ద గుండ్రటి యంత్రంలో పడుకోబెట్టి తలకు బొమ్మలు తీశారు. నాలుగు రోజుల తర్వాత పిలిచి చూపించారు. మేస్త్రి మెదడు మధ్యలో రెండు చోట్ల ఎర్రగా, పసుపుగా వెలుగు. పిట్ట మెదడులోనూ అవే రెండు చోట్లు, అదే ఆకారం, కాని చమురు తగ్గిన దీపాల్లా ఉన్నాయి. మరదలు బొమ్మలకు బాగా దగ్గరగా వెళ్ళి, గుడ్డ నాణ్యం చూస్తున్నట్టు చూసింది.

"అంటే పాప మీద ప్రేమ లేక కాదన్నమాట" అంది.

"ప్రేమను ఈ యంత్రం కొలవదమ్మా" అంది డాక్టరమ్మ. "ప్రేమ ఉన్నా, లేచి వెళ్ళి పిల్లను ఎత్తుకోవాలనిపించడానికి కావాల్సిన ఊపు తగ్గిపోయిందని మాత్రం చెప్పగలను."

పిట్ట తన బొమ్మను ఎక్కువసేపు చూడలేదు. "ఇది బాగవుతుందా?" అని అడిగాడు.

"చాలావరకు అవుతుంది, పూర్తిగా దూరంగా ఉంటే. ఏడాది పైనే పడుతుంది. కొంత మిగిలిపోవచ్చు. అసలు చిక్కు ఆ ఏడాది గడవడమే."

అప్పుడు మందుల సంగతి చెప్పింది. ఈ జబ్బుకని ముద్ర వేసిన మందు ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఇతర జబ్బులకు వాడే మందుల్నే తీసుకొని చూస్తున్నారు. తాగుడు మాన్పించడానికి వాడే ఇంజెక్షను ఒకటి, మూడు వారాలకోసారి. దిగులుకూ సిగరెట్లు మాన్పించడానికీ ఇచ్చే మాత్ర ఒకటి, రోజూ. రెండూ కలిపి ఇస్తే కొందరిలో యావ తగ్గుతోంది.

"కొందరంటే?"

"ఎనిమిదిమందిలో ఒకరికి బాగా కనబడింది. పోలిక కోసమని ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో అంతకన్నా చాలా తక్కువమందికి."

పిట్ట తల ఊపాడు. "ఎనిమిదిమంది ఎక్కితే ఒక్కడినే పైకి చేర్చే లిఫ్టయితే, మేము తలుపుకు తాళం వేసి బోర్డు పెట్టేస్తాం డాక్టరమ్మా."

గొంతులో నవ్వు లేదు, మాట మాత్రం పాత పిట్టదే. డాక్టరమ్మ పకపకా నవ్వింది. "నిజమే. కాని లిఫ్టు అందని ఏడుగుర్నీ మేము కిందే వదిలెయ్యం. వాళ్ళకు మెట్లున్నాయి. వారంవారం కూర్చోబెట్టి మాట్లాడతాం. ఇంటివాళ్ళతో కూడా మాట్లాడతాం. అది అందరికీ ఉంటుంది, మందు దానికి తోడు."

పిట్ట వద్దన్నాడు. పని చేస్తుందో లేదో తెలియనిదానికి సూదులు పొడిపించుకోవడం ఎందుకన్నాడు. మరదలు బతిమాలింది, ఆపైన కేకలేసింది. మేస్త్రి అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వచ్చి, తమ్ముడి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ప్రతి సూదికీ నేను తీసుకొస్తాను" అన్నాడు.

ఏడాది తర్వాత అన్న నోటినుంచి సూటిగా తనకు వచ్చిన మాట అది. "సరే" అన్నాడు పిట్ట.

*

మూడు వారాలకోసారి మేస్త్రి పనిలోంచి లేచి, తమ్ముణ్ణి ఎక్కించుకొని ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. దారిలో మాటలుండేవి కావు. మొదట్లో ఆ మౌనం మేస్త్రికి ప్రాణం తీసేది, తర్వాత అలవాటైంది. ఇంజెక్షను తుంటిమీద. పిట్ట కుంటుకుంటూ బయటికి వస్తే, వరండాలో ఇద్దరూ యంత్రంలోంచి కాగితం కప్పుల్లో కాఫీ పట్టుకొని తాగేవారు. కాఫీ ఎలా ఉందని మేస్త్రి అడిగితే, "వేడిగా ఉంది" అనేవాడు పిట్ట. అంతకు మించి ఏ రుచీ వాడి నాలుకకు తగిలేది కాదు.

ఇదంతా ఒక గీత గీసినట్టు సాగిపోయిందనుకుంటే పొరపాటు. రెండు నెలలు బాగా గడిచాయి. పిట్ట ఒకటి రెండు సార్లు జారినా, మునుపటిలా రోజుల తరబడి కాలేదు. ఉన్నట్టుండి ఒకరోజు పొద్దున మాయమయ్యాడు. మరునాడు పట్టపగలు మేస్త్రి, మరదలు కలిసి బస్టాండంతా గాలించి, ఆఖరి బెంచీమీద పట్టుకున్నారు. కళ్ళు గుంటలు పడ్డాయి. చొక్కా బొత్తాలు ఒకదానిది ఇంకోదానికి పెట్టుకున్నాడు.

"నేను ఆ ఏడుగురిలోవాణ్ణిరా" అన్నాడు పిట్ట. "వదిలెయ్యి నన్ను."

మేస్త్రికి కోపం నషాళానికి అంటింది. ఇదివరకైతే అక్కడే రెండు తగిలించి వచ్చేవాడు. కార్డుల ఆట గుర్తొచ్చింది. ఆకారం అని నోరు చెప్తుంటే రంగుమీద పడిన వేలు గుర్తొచ్చింది. పక్కన కూర్చొని, తమ్ముడి చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, సరిగ్గా పెట్టాడు. ఒక చేతికి మూడు వేళ్ళే కావడంతో అది చాలా సేపు పట్టింది. పిట్ట ఆ చెయ్యి వంక చూస్తూ కదలకుండా కూర్చున్నాడు.

డాక్టరమ్మ తప్పుపట్టలేదు. "జారడం ఈ జబ్బులో ఒక భాగం. జారినప్పుడల్లా మందు ఆపేస్తే, దగ్గొచ్చిందని దగ్గు మందు ఆపేసినట్టుంటుంది" అంది. వేళకు తప్పిపోయిన సూది వేయించింది. నిద్ర పట్టడంలేదంటే, నిద్రకూ మనసుకూ పనికొచ్చే ఇంకో మాత్ర కలిపింది. దానిమీద కూడా ఇంకా పరీక్షలు జరుగుతున్నాయని దాచకుండా చెప్పింది.

ఆ తర్వాత పిట్ట మళ్ళీ జారలేదు. అది మందు గొప్పా, బస్టాండు బెంచీ గొప్పా, వారంవారం జరిగిన మాటల గొప్పా ఎవరూ తేల్చి చెప్పలేరు. యావ అయితే తగ్గిందన్నాడు. "ఇదివరకు తల లోపల ఎవడో తలుపు బాదుతూ ఉండేవాడు. ఇప్పుడు పక్కవాళ్ళ తలుపు బాదుతున్నాడు" అని చెప్పాడు డాక్టరమ్మకు.

మేస్త్రి వాణ్ణి వర్క్‌షాపుకు రమ్మన్నాడు. షాఫ్టులోకి కాదు, బల్ల దగ్గరికి. లిఫ్టు తలుపులకు తాళాలుంటాయి. పెట్టె ఆ అంతస్తులో లేకపోతే తలుపు తెరుచుకోనివ్వనివి. వాటిని బిగించే పని. పిట్ట మెల్లగా చేసేవాడు. ఏది అయింది, ఏది కాలేదు అన్నది మరిచిపోయేవాడు. అందుకని అయినవి ఎడమపక్కన, కానివి కుడిపక్కన పెట్టుకొనేవాడు. వాడు ఇంటికి వెళ్ళాక మేస్త్రి గుట్టుగా ప్రతి తాళమూ విప్పి, చూసి, మళ్ళీ బిగించేవాడు. ఒక్కదానిలోనైనా తప్పు దొరికింది లేదు. అయినా మానలేదు.

ఒకరోజు పిట్ట టిఫిన్ డబ్బా మరిచిపోయి వెనక్కి వచ్చాడు. అన్న బల్లమీద పరిచిపెట్టుకున్న తాళాల్ని చూశాడు.

"నేను బిగించినవేనా?"

మేస్త్రి బొంకలేకపోయాడు. "అవును."

"రోజూనా?"

"రోజూ."

పిట్ట మొహం జేవురించింది. డబ్బా బల్లమీద కొట్టిన చప్పుడుకు వర్క్‌షాపులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. "ఏరోజైనా నమ్మావురా నువ్వు నన్ను? ఆరోజు ఏమీ తీసుకోలేదని చెప్తే, సిగ్గుండాలన్నావు! నిజంగా తీసుకోలేదురా! ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిజం చెప్పాను, అదే నమ్మలేదు! ఆ బటన్లు పాడయ్యాయని తెలిసి పని మొదలెట్టింది ఎవరు? రేపు చేద్దామన్నాను నేను. ఏం కాదులేరా అన్నది నువ్వు! వేళ్ళు పోయింది నీకే అనుకుంటున్నావా? ప్రతిరోజూ కళ్ళు మూసుకుంటే నాకు ఆ చప్పుడే వినబడుతుంది!"

పిట్ట చెప్పిన ప్రతి మాటా నిజమే. రేపు చేద్దామని వాడు అన్నాడు. ఆ సంగతి తాను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అయితే ఆ తిట్ల నడుమ ఇంకో సంగతి కూడా మేస్త్రికి అందింది. వాడి మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్ని నెలలైందో వాడు దేనికైనా ఇంతగా కదిలిపోయి.

"నమ్మలేదు. నాదే తప్పు" అన్నాడు మేస్త్రి. "రేపు చేద్దామన్నావు, అదీ నిజమే. ఇవాళే ఇంటికెళ్ళి మీ వదినకు చెప్తాను, మరదలికీ చెప్తాను. కాని తాళాలు మాత్రం చూస్తూనే ఉంటాను."

"ఏమిటీ?"

"చూస్తాను. దొంగచాటుగా కాదు, నీ ముందే. నేను బిగించినవి నువ్వు చూడు. మనుషులు ఎక్కే లిఫ్టు, ఒకడి చేతిమీద వదలకూడదు. అది మొదటే చేసుండాల్సింది."

బల్లకు అటువైపు మేస్త్రి బిగించిన తాళం ఒకటి ఉంది. పిట్ట దాన్ని లాక్కొని, విప్పి, లోపలికి తొంగిచూశాడు. "స్ప్రింగు వదులుగా ఉంది" అన్నాడు.

"ఏదీ?" మేస్త్రి చూశాడు. నిజంగానే వదులుగా ఉంది.

"వదులుగా ఉంది" అని పిట్ట మళ్ళీ గట్టిగా, అందరికీ వినబడేలా అని, డబ్బా తీసుకొని విసవిసా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మేస్త్రి తమ్ముడింటికి వెళ్ళి, గుమ్మంలోనే మరదలితో, "ఇవాళ వాడు నన్ను నలుగురిలో చెడతిట్టాడమ్మా" అన్నాడు. ఆమె కుట్టుమిషను ఆపేసింది. "నిజంగానా? ఏమన్నాడు? మొత్తం చెప్పండి, ఒక్క ముక్క వదలకుండా" అంది. మేస్త్రి అన్నీ చెప్పాడు, బటన్ల సంగతి, రేపు చేద్దామన్న మాట, తన మొండితనం, అన్నీ. ఆమె విని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బావగారి మీద కోపం వచ్చింది, ఆ కోపం దాచుకోలేదు కూడా. చాలా రోజులు ముభావంగానే ఉంది. మేస్త్రి అది తనకు రావాల్సిందేననుకున్నాడు.

మళ్ళీ పెద్ద యంత్రంలో పడుకోబెట్టే వేళకు ఏడాది దాటిపోయింది. సూదులూ మాత్రలూ ఆపేసి కూడా కొన్నాళ్ళయింది. ఈసారి పిట్ట బొమ్మలో ఆ రెండు చోట్లూ వెలుగు పుంజుకున్నాయి. అన్న బొమ్మ అంత కాదు, మునుపటికన్నా చాలా నయం. కార్డుల ఆటలో సూత్రం మారినప్పుడు నాలుగైదు మోతలకు దారిలో పడ్డాడు. మాటలు గుర్తుపెట్టుకోవడంలో ఇంకా వెనకే ఉన్నాడు.

"ఇది మందువల్లేనా?" అని మరదలు అడిగింది.

"ఒక్క మనిషిని చూసి అది చెప్పలేనమ్మా. వందలమందిని చూడాలి. మందు కొంత, కాలం కొంత, మీరు కొంత. పాళ్ళు నాకు తెలియదు" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మేము ఇంకోటి మొదలెడుతున్నాం. మెదడులో వాపు తగ్గించే మందు. మానేసిన తొలి రోజుల్లోనే ఇస్తే నష్టం తక్కువవుతుందేమో చూడాలి. అది మీకు అక్కర్లేదు. కాని కోలుకున్నవాళ్ళు ఎలా ఉంటారో పోల్చి చూడటానికి మీలాంటివాళ్ళు కావాలి. మళ్ళీ ఇవే పరీక్షలు, ఇదే యంత్రం. బలవంతమేమీ లేదు."

"అంటే ఈసారి పోలిక కుర్చీ నాదా?" అన్నాడు పిట్ట.

"మీదే."

"వస్తాను." ఆలోచించుకోకుండానే అన్నాడు. తర్వాత అన్నవైపు తిరిగాడు. "నువ్వు కూడా రా. కవలలైతేనే వీళ్ళకు ఉపయోగం."

"ఆ గుండ్రటి యంత్రం లోపల మళ్ళీనా? ముక్కు దురద పెడితే గోక్కోనివ్వరు" అన్నాడు మేస్త్రి.

"నీ ముక్కు సంగతి నేను చెప్తానులే డాక్టరమ్మకు. వస్తావా, రావా?"

"వస్తాలే" అన్నాడు మేస్త్రి. బీపీ చూడటానికి విప్పించి గోడకు తగిలించిన చొక్కా తీసి తమ్ముడికి ఇచ్చాడు. పిట్ట బొత్తాలు పెట్టుకుంటూనే వచ్చే నెల ఏ రోజు రావాలో, ముందు ఏమైనా తినవచ్చో లేదో, డాక్టరమ్మను వరసగా ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు.